తొమ్మిది గంటల టెస్ట్

మా అన్నయ్య స్నేహితులు ప్రతి శనివారం మా ఇంటికి భోజనానికి వస్తారని అమ్మకి ఫోన్లో చెప్పేదాన్ని. అబద్ధం. వాళ్ళు వచ్చేది కంప్యూటర్ విప్పడానికి. న్యూజెర్సీలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మాది రెండు పడక గదుల అపార్ట్‌మెంట్. అన్నయ్య ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కన్సల్టెంట్. నేను సివిల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేస్తూ, అద్దె కలిసొస్తుందని తన దగ్గరే ఉండేదాన్ని. ఆ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఒక్క పూట భోంచేసిన గుర్తు నాకు లేదు. దాని మీద ఎప్పుడూ ఒక కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి, పేగులు బయటపెట్టుకుని ఉండేది. మేము కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తినేవాళ్ళం.

ముగ్గురు నలుగురు వచ్చేవాళ్ళు గానీ, గొంతు వినిపించేది ఒక్కడిదే. జెర్సీ సిటీ నుంచి వచ్చేవాడు, వరంగల్ మనిషి, నన్ను చెల్లె అని పిలిచేవాడు. వచ్చీ రాగానే అందరూ చేతులు కడుక్కునేవాళ్ళు, పూజకి కూర్చోబోయేవాళ్ళలా. ప్రాసెసర్‌కీ దాని మీద కూర్చునే ఫ్యాన్‌కీ మధ్య వేడి లాగడానికి బూడిద రంగు పేస్టు ఒకటి పూస్తారు. దాన్ని పల్చగా పరచడానికి ఇండియాకి ఫోన్ చేసుకునే కాలింగ్ కార్డు అంచు వాడేవాళ్ళు. అయిపోయిన కార్డయితే నాకేం బాధ లేదు. ఒకసారి నేను అప్పుడే కొనుక్కొచ్చిన కార్డుతో పూసేశారు, ఇంకా నంబర్ కూడా గీకలేదు. ఆ పేస్టు తుడిచేసరికి నంబర్ సగం పోయింది. ఆ ఆదివారం అమ్మతో మాట్లాడలేదు.

అది 2006 మొదట్లో మాట. అన్నయ్య దగ్గరున్నది మూడేళ్ళ నాటి చిప్. ఎండాకాలంలో పెద్ద కంపెనీ నుంచి కొత్త ప్రాసెసర్ రాబోతోందని ఎక్కడెక్కడి ఫోరమ్‌లలోనో ఫోటోలు, అంకెలు బయటికొస్తున్నాయి. ఎవరో ఎక్కడో దొంగచాటుగా పరీక్షించారట. వృత్తాల లెక్కలో వాడే పై (π) విలువని పది లక్షల అంకెల దాకా లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటుంది, వీళ్ళందరికీ అదే పరుగు పందెం. కొత్తది ఆ లెక్క పద్దెనిమిది సెకన్లలో చేస్తుందట. అన్నయ్యది ముప్పై ఏడు సెకన్లు. వస్తువు ఇంకా ఫ్యాక్టరీ గడప దాటలేదు, వీళ్ళు మాత్రం దానికి ఏ ఫ్యాన్ పెట్టాలి, ఏ బోర్డు కొనాలి అని వారం వారం కొట్టుకునేవాళ్ళు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదేనని నేను వంటింట్లోంచి అంటే, నీకెందుకే, నీ పులిహోర నువ్వు చూసుకో అనేవాడు అన్నయ్య.

జెర్సీ సిటీ ఆయనకి ఆ కొత్త చిప్ మీద భక్తి. అన్నయ్యకి తన పాత చిప్ మీద మమకారం. కాకిపిల్ల కాకికి ముద్దు మరి. బయటికొచ్చిన ఆ అంకెలన్నీ బూటకమని, తన పాతదాన్నే ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి పరిగెత్తిస్తే, ముప్పై సెకన్ల లోపు తెస్తానని పంతం పట్టాడు. ఫోరమ్‌లో ఆ పాత చిప్ వాడేవాళ్ళ జాబితా ఒకటుండేది. ముప్పై లోపు తెచ్చినవాడు అందులో ఎవడూ లేడు. దాని ప్రింటు మా ఫ్రిజ్ మీద అతికించి ఉండేది. పాలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఎవడెవడి సెకన్లో చదవాల్సొచ్చేది నా ఖర్మకి.

ఇవన్నీ నేను నవ్వుతూ భరించేదాన్నే, ఇంట్లో ఉన్న ఆ ఒక్క కంప్యూటర్ మీద నా చదువు ఆధారపడి ఉండకపోతే. నా థీసిస్ వంతెన స్తంభం గురించి. భూకంపం వచ్చినప్పుడు స్తంభం పైకొస ఎంత ఊగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం నేనే రాశాను, నాలుగు వేల లైన్లు. ఒక్కో రన్ నలభై గంటలు పట్టేది. కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్లు ఇంకా నిదానం, పైగా వారానికి రెండు రోజులే నా వంతు. మే మొదటివారంలో డిఫెన్స్, అంటే ప్రొఫెసర్ల ముందు థీసిస్‌ని నిలబెట్టుకునే పరీక్ష. అది గట్టెక్కితే వంతెనలు డిజైన్ చేసే ఒక ఆఫీసులో ఉద్యోగం. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేసింది, జూన్‌లో డిగ్రీతో చేరాలని అందులో స్పష్టంగా రాసుంది. మా క్లాసులో నాతో పాటు ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు సగం మంది సివిల్ వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సుల్లోకి దూకారు. నేను దూకలేదు. నాకు వంతెనలే కావాలి. ఆ ఉద్యోగం నాకెంత ముఖ్యమో అన్నయ్యకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే ముహూర్తం పెట్టారు. బయట మోకాలి లోతు మంచు. చల్లగాలి తగిలితే చిప్ ఇంకాస్త పరిగెత్తుతుందని బాల్కనీ తలుపు బార్లా తెరిచి, కంప్యూటర్‌ని గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టారు. నేను స్వెటర్ మీద కోటు, కోటు మీద రగ్గు కప్పుకుని, మీ బుద్ధులు మంట్లో పోను అని తిట్టుకుంటూ టీ పెట్టాను. ఆ మంట కూడా లేదు ఇంట్లో, ఎలక్ట్రిక్ పొయ్యి. మధ్యాహ్నానికల్లా కేకలు. ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు. అన్నయ్య నన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. జెర్సీ సిటీ ఆయన మాత్రం, ఒక్కసారి ఉరికితే ఏం లెక్క, రోజంతా నిలబడి ఉరకాలె గదా అన్నాడు. అందుకు ఇంకో పరీక్ష ఉంది. ప్రైమ్ నంబర్లు వెతుకుతూ చిప్‌ని గంటల తరబడి రుబ్బించే ప్రోగ్రాం. ఒక్క తప్పు లెక్క కూడా రాకుండా తొమ్మిది గంటలు నడిస్తేనే ఆ జాబితాలోకి ఎక్కిస్తారు. ఆదివారం నేను గుడికి వెళ్ళి వచ్చేసరికి అన్నయ్య టెస్ట్ పాసైందని చెప్పాడు. ఫ్రిజ్ మీదకి కొత్త ప్రింటు వచ్చింది, మొదటి లైను మా అన్నయ్యది.

ఆ వేగం అలాగే ఉంచేశాడు. నీ నలభై గంటలు ముప్పై రెండు అవుతాయి, కాళ్ళకి దండం పెట్టు అన్నాడు. ఏమీ కాదు కదా అన్నయ్యా అని అడిగాను. తొమ్మిది గంటలు పాసైందని చెప్పాను కదే అన్నాడు. నేను నిజంగానే సంతోషించాను. ఎందుకు దాచాలి, ఆ ఎనిమిది గంటల కోసం నేనూ ఆశపడ్డాను.

ఫిబ్రవరి ఆఖర్లో మొదలుపెట్టి మార్చి అంతా రన్‌లు వేశాను. ఏప్రిల్ మొదట్లో మా ప్రొఫెసర్ నా గ్రాఫులు, ల్యాబ్‌లో నిజం స్తంభం మీద చేసిన ప్రయోగం గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూశాడు. ప్రయోగంలో స్తంభం నాలుగు అంగుళాలు ఊగింది. నా లెక్కలో ఏడు. ఇనుము గుణం ఒకటి సరిచేసి మళ్ళీ వేశాను, అయిదున్నర వచ్చింది. ఇంకోటి మార్చాను, తొమ్మిది. నేనేం మారుస్తున్నానో దానికీ, వస్తున్న దానికీ పొంతన లేదు. ఆయన మంచివాడే, గొంతు పెంచే మనిషి కాదు. నీ ప్రోగ్రాం ఏం చేస్తోందో నీకు అర్థమైందా అని మెల్లిగా అడిగాడు. తప్పు నాదేనండీ, వెతుకుతున్నాను అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా చెవులు కాలిపోయాయి. ఆ తర్వాత వారం మళ్ళీ అదే మాట అన్నాను. ఆ పై వారం కూడా అన్నాను.

ఆ మూడు వారాలు నాకు నా మీదే అసహ్యం పుట్టింది. బీటెక్‌లో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినదాన్ని, కూడికలు రానిదానిలా తయారయ్యాను. అన్నం సహించలేదు. బస్సులో కూర్చుని రూట్ 46 పక్కన ప్రతి ఫ్లైఓవర్ స్తంభాన్నీ చూసి నువ్వెలా నిలబడ్డావే తల్లీ అనుకునేదాన్ని. సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాళ్ళే తెలివైనవాళ్ళనిపించింది. అప్పుడు అన్నయ్య ఒక శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టాడు. నాలుగు వేల లైన్లూ కాగితాల మీద ప్రింటు తీయించి, పెన్సిల్ పట్టుకుని నా పక్కన కూర్చుని ఒక్కో లైనూ చదివాడు. శుక్రవారం, శనివారం, ఆదివారం. ఆ వారం స్నేహితుల్ని కూడా రావద్దన్నాడు. ఇక్కడ బ్రాకెట్ సరిగ్గా ఉందా, ఈ విలువ ఎక్కడ్నించి వస్తోంది అని ఎంతో ఓపిగ్గా అడిగాడు. నేను ఏడిస్తే టీ పెట్టాడు. అన్నయ్య దేవుడమ్మా అని ఆదివారం ఫోన్లో చెప్పాను, అటువైపు అమ్మ కూడా ఏడ్చేసింది. రెండు చోట్ల అక్కర్లేని లైన్లు దొరికాయి, వాటివల్ల లెక్క మారేది కాదు.

నాకు ఒకసారి అనుమానం వచ్చి, కంప్యూటర్‌లో ఏమైనా ఉందేమో అన్నయ్యా అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందే నీ వరస అని నవ్వాడు. సిగ్గేసింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

బయటపడ్డది నా పొరపాటు వల్లే. ఏప్రిల్ ఆఖరి వారంలో ఒక రోజు, అలసటలో, ఒక విలువ మార్చి సేవ్ చేయడం మర్చిపోయి రన్ వేశాను. పూర్తయ్యాక చూస్తే ఫైలు పాతదే. అంతకు ముందు వేసిన రన్‌కీ దీనికీ ఒక్క చుక్క తేడా లేదు. కానీ జవాబు వేరు. అప్పుడు అయిదున్నర, ఇప్పుడు ఆరూ ముప్పావు. అదే లెక్క, అదే యంత్రం, రెండు జవాబులు. మర్నాడు ఆ ఫైలు తీసుకెళ్ళి కాలేజీ ల్యాబ్‌లో బతిమాలి రెండు పాత కంప్యూటర్లు తీసుకుని, రెండింటిమీదా వేశాను. నాలుగు రోజులు పట్టింది. నాలుగు పాయింట్ ఒకటి. రెండింట్లోనూ నాలుగు పాయింట్ ఒకటే. నా ప్రోగ్రాంలో తప్పు లేదు. మొదట్నించీ లేదు.

ఇంటికొచ్చి చెబితే అన్నయ్య మొహం పాలిపోయింది. చలి పోయి వేడి పెరిగింది కదే, మార్చి నుంచి కాస్తున్న ఎండలకి చిప్ తట్టుకోలేకపోయుంటుంది, ఫిబ్రవరిలో చల్లగా ఉంది కాబట్టి పాసైంది అన్నాడు. సారీ తల్లీ అన్నాడు. వెంటనే వేగం మామూలుకి తగ్గించాడు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే పోనీలే అనుకున్నాను. ఎండకి ఎవరేం చేస్తారు. తెలియక జరిగింది. నాకోసం మూడు రోజులు కూర్చుని నాలుగు వేల లైన్లు చదివిన మనిషిని ఎన్నాళ్ళని దూరం పెడతాను?

కానీ పోయింది పోయింది. ఏవి నమ్మాలో తెలియదు కాబట్టి ఆ కంప్యూటర్ మీద వేసిన ప్రతి రన్ మళ్ళీ వేయమన్నాడు ప్రొఫెసర్. న్యాయమే, నేనైనా అదే అంటాను. డిఫెన్స్ ఆగస్టుకి వెళ్ళింది. వంతెనల ఆఫీసుకి రాశాను, రెండు నెలలు ఆగగలరా అని. చాలా మర్యాదగా, మీకు అంతా మంచి జరగాలి అని జవాబిచ్చారు. ఆ ఉత్తరం చదివి బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను, అన్నయ్యకి వినబడితే బాధపడతాడని. తన మీద నాకింకా అంత జాలి ఉంది అప్పటికి.

జూలై ఆఖర్లో కొత్త ప్రాసెసర్ రానే వచ్చింది. జెర్సీ సిటీ ఆయన మొదటి వారంలోనే కొని, డబ్బా పసిపిల్లలా ఎత్తుకుని మా ఇంటికి తెచ్చాడు. డైనింగ్ టేబుల్ మళ్ళీ కళకళలాడింది. నేను సోఫాలో నా రన్‌ల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను, చివరి అధ్యాయం రాస్తూ. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తెల్ల కాగితం మీద రెండు గళ్ళు గీశాడాయన. కొత్తది పందొమ్మిది సెకన్లు. పాతది అని రాసి, ఇరవై తొమ్మిది పాయింట్ ఆరు అని అన్నయ్య నంబరు వేయబోయాడు. అన్నయ్య చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుతూ చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నంబరు వల్ల నా ఉద్యోగం పోయింది, అది ఇంకా ముత్యంలాంటి అక్షరాలతో గడిలోకి ఎక్కుతోంది.

“ఆ నంబరు తప్పు” అన్నాను. “ఆ వేగం దగ్గర అది లెక్కలు తప్పు చేస్తుంది. నా థీసిస్ దానివల్లే ఆగింది.”

గదిలో అందరూ నా వైపు తిరిగారు. అయ్యో అంటారనుకున్నాను. జెర్సీ సిటీ ఆయన కళ్ళు మెరిశాయి. ఎన్ని వోల్టుల దగ్గర చెల్లె, గదిలో వేడి ఎంతుండె, ఎన్ని గంటలకి తేడా మొదలైంది అని కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు. అయినా చెప్పాను. మూడు నెలలుగా నాకు ఇంకో ధ్యాస లేదు, నోటికొచ్చేసింది అంతా. ఏ రన్ ఏ రోజు వేశానో, ల్యాబ్‌లో ఎంత వచ్చిందో, ఇంట్లో ఎంత వచ్చిందో, కాగితాలు చూడకుండా వరసగా చెప్పుకుపోయాను. ఆయన రాసుకున్నాడు. రాసుకుంటూ ఒకచోట పెన్ను ఆపాడు.

“ఫిబ్రవరి రన్ కూడా తప్పొచ్చిందా?”

వచ్చింది. జూన్‌లో మళ్ళీ వేసినప్పుడు చూశాను. చాలా కొద్ది తేడా, కానీ తేడానే. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు, మిగతా వాటితో పాటు కొట్టిపారేశాను.

“ఫిబ్రవరిల మంచు పడుతుండె గదా. ఇల్లు ఫ్రిజ్ లెక్క ఉండె” అన్నాడాయన అన్నయ్య వైపు తిరిగి. ఆ గొంతులో నింద లేదు, లెక్క కుదరలేదన్న చిరాకు తప్ప. “గప్పుడే తప్పు చేస్తే, తొమ్మిది గంటల టెస్ట్ ఎట్ల పాసైంది?”

అన్నయ్య స్క్రూడ్రైవర్ టేబుల్ మీద పెట్టాడు. తలెత్తలేదు.

“కాలేదు” అన్నాడు. “ఆరో గంటలో ఒక ఎర్రర్ వచ్చింది. ఒక్కటే కదా అని టెస్ట్ అక్కడే ఆపేసి, పాసైందని చెప్పాను.”

కొత్త కంప్యూటర్ ఫ్యాన్ తిరుగుతోంది. నేను ఒళ్ళో కాగితాలు పక్కన పెట్టి లేచి టేబుల్ దగ్గరికి వెళ్ళాను. ఒక్కటే అడగాలనిపించింది, మిగతావేవీ అక్కర్లేదు.

“ఏప్రిల్‌లో నా పక్కన కూర్చుని మూడు రోజులు నా ప్రోగ్రాం చదివావు కదా అన్నయ్యా. అప్పటికి నీకు తెలుసా?”

“తెలుసు” అన్నాడు. స్క్రూడ్రైవర్ని టేబుల్ మీద అటూ ఇటూ దొర్లించాడు. “తప్పు నీ దాంట్లోనే దొరికితే బాగుండని చదివాను.”